అరణ్య ఛాయాచిత్రకారుడు ఎం. కృష్ణన్

వన్యమృగమును వెదకుట యనగా దానిని చంపుటయే యని లోకము చాలకాలము తలంచినది. తుపాకిని విడిచి కెమేరాను చేతబట్టి, మృగమును దాని నెలవుననే, దాని శాంతికి భంగము రాకుండ దర్శింపవచ్చునని మన దక్షిణదేశమున చాటిచూపిన వారిలో మాధవయ్య కృష్ణన్ గారు అగ్రగణ్యులు. ఆయన జీవితమున కొన్ని సంవత్సరములు మన బళ్ళారికి చేరువనున్న సండూరు కొండలలో గడచినవి. కావున ఆయన చరిత్రము మనకు పరాయిది కాదు.

కృష్ణన్ గారు 1912వ సంవత్సరము జూన్ 30వ తేదీన తిరునల్వేలిలో జన్మించిరి. తండ్రి ఎ. మాధవయ్య గారు ఉప్పు, ఆబ్కారీ శాఖలో ఉద్యోగము చేయుచు నవలలు రచించినవారు. తమిళమున నవలారచనకు తొలిబాటలు వేసినవారిలో ఆయన యొకరు. ఎనమండుగురు బిడ్డలలో కృష్ణన్ గారు కడపటివారు. కుటుంబము మదరాసునందలి మైలాపూరులో స్థిరపడెను. 1925లో తండ్రి మరణించునాటికి కృష్ణన్ గారికి పదమూడేండ్లు.

1927లో ఆయన ప్రెసిడెన్సీ కళాశాలలో చేరిరి. అచ్చట వృక్షశాస్త్రము బోధించుచుండిన ఫైసన్ దొరగారు నీలగిరి, కొడైకానలు కొండల మొక్కలను గూర్చి పరిశోధించిన పండితులు. శిష్యుని తమ వెంట ఆ కొండలకు తీసికొనిపోయెడివారు. దొరసానిగారు నీటిరంగులతో బొమ్మలు వేయుట నేర్పిరి. చూచినదానిని చూచినట్లు గుర్తించుట గురువువద్దను, గుర్తించినదానిని కాగితముపై నిలుపుట గురుపత్నివద్దను అలవడెను. తరువాతి కాలమున తమ వ్యాసములకు బొమ్మలను కృష్ణన్ గారు తామే వేసికొనిరి. వృక్షశాస్త్రమున ఎం.ఏ., పిమ్మట న్యాయశాస్త్రమున పట్టము పొందినను ఆయనకు నిలుకడయైన ఉద్యోగము వెంటనే దొరకలేదు. కొంతకాలము ముద్రణాలయమునందును, కొంతకాలము రేడియోలోను పనిచేసిరి. 1937లో ఇందుమతి గారితో వివాహము జరిగెను.

1942లో సండూరు సంస్థానమునుండి పిలుపు వచ్చెను. అచ్చట ఆయన ఉపాధ్యాయులు, న్యాయాధికారి, ప్రచారాధికారి, మహారాజావారికి రాజకీయ కార్యదర్శి, ఇట్లు అనేక పదవులను నిర్వహించిరి. తీరిక దొరకినపుడెల్ల కొండలును కోనలును తిరిగెడివారు. గొఱ్ఱెలను మేపి చూచిరి. పావురములచే ఉత్తరములను పంపు ఏర్పాటునకై పావురములను పెంచిరి. గొఱ్ఱెల కాపరికి తెలిసిన సంగతి యొకటి కలదు. మందలో ఒక గొఱ్ఱె బెదరి తలయెత్తినచో తక్కినవన్నియు మేత మానును. ఒకటి పరుగెత్తినచో అన్నియు పరుగెత్తును. మనుష్యుని చేతిలో పెరిగిన జంతువే ఇట్లుండగా అడవిలో పుట్టినదానిని గూర్చి చెప్పవలెనా?

1949లో సండూరు సంస్థానము భారతదేశమున విలీనమయ్యెను. కృష్ణన్ గారు మదరాసు చేరిరి. అప్పటికి ఆయనకు ముప్పదియేడేండ్లు, సంసారభారము కలదు. మరియొక ఉద్యోగమును వెదకికొనుట సుగమమైన మార్గము. ఆయన ఆ మార్గమును త్రొక్కక, కలమును కెమేరాను నమ్ముకొనిరి. 1950 నుండి కలకత్తా నగరపు స్టేట్స్‌మన్ పత్రికలో పక్షమునకొక ప్రకృతి వ్యాసము వ్రాయ నారంభించి, 1996లో మరణించువరకు నలుబదియారేండ్లు ఆ శీర్షికను విడువక నడపిరి.

కలముతో బ్రదుకువానికి రాబడి మితము. వన్యమృగముల ఛాయాచిత్రములు తీయుటకో, వ్యయము అమితము. ఆ వ్యయములో పెద్దభాగము టెలిఫోటో కటకమునకు చెందును. దాని అవసరమును చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. నీలగిరులలో వరైయాడు అను మృగము కలదు. అది అడవిమేక యని పేరుపడినను గొఱ్ఱె జాతులకే దగ్గరి చుట్టమని ఇటీవలి జన్యుపరిశోధనలు తెల్పినవి. భుజమువద్ద మీటరు ఎత్తుగల వరైయాడు పోతు మనకు 50 మీటర్ల దూరమున నిలిచినదనుకొందము. 50 మిల్లీమీటర్ల నాభ్యంతరముగల మామూలు కటకముతో బొమ్మ తీసినచో ఫిల్ముపై దాని ఎత్తు ఒక్క మిల్లీమీటరు, అనగా ఆవగింజయంత. 400 మిల్లీమీటర్ల టెలిఫోటో కటకమును బిగించినచో ఎనిమిది మిల్లీమీటర్లగును. అపుడు కొమ్ముల వంపును, కంటి చూపును తెలియవచ్చును.

అట్లయిన మిక్కిలి పొడవైన కటకమును కొనిన చాలదా యని తోచవచ్చును. చాలదు. బొమ్మ ఎనిమిది రెట్లు పెరిగినపుడు చేతివణకును ఎనిమిది రెట్లు పెరుగును. కెమేరాను చేతబట్టి తీయునపుడు దాని తెర సెకండులో నాలుగువందలవ వంతుకన్న ఎక్కువకాలము తెరచియుండరాదు. అంత స్వల్పకాలమున చాలినంత వెలుతురు లోనికి పోవలెనన్నచో కటకపు ముఖము విశాలముగా నుండవలెను. ముఖము విశాలమైనకొలది బరువును వెలయు పెరుగును. పైగా, దగ్గరనున్న మృగమును పెద్ద కటకముతో తీయునపుడు కన్ను స్పష్టముగా కుదిరినను కొమ్ముల కొనలు మసకబారుటయు కలదు.

కావున ఏ కటకము తగినదో మృగముండు చోటే నిర్ణయించును. లడకు ప్రాంతపు అడవిగొఱ్ఱెలును, నీలగిరి వరైయాడులును చెట్లు లేని చరియలపై మేయును. అవి మనలను దూరమునుండియే కనిపెట్టును. అచ్చట వెలుతురు సమృద్ధి. పొడవైన కటకమే శరణ్యము. దట్టమైన అడవిలో ఏనుగు పొదల నడుమ ఆకస్మికముగా సమీపముననే కనబడవచ్చును. అచ్చట పొడవుకన్న వెలుతురును గ్రహించు శక్తియే ప్రధానము.

కృష్ణన్ గారు ఈ సమస్యను ధనముతో గాక చేతిపనితో పరిష్కరించుకొనిరి. ఒకచోట తయారైన కెమేరాకు వేరొకచోట తయారైన టెలిఫోటో కటకమును తామే అమర్చి, తక్కిన భాగములను అక్కడక్కడ సేకరించి కూర్చుకొనిరి. ఇట్టి అతుకుల యంత్రములలో ఒకదానికి ‘సూపర్ పాండెరోసా’ యని వినోదముగా పేరిడిరి. 1959లో బందీపురమున ఆయనను కలిసికొనిన ఇ. పి. జీ గారు, తాము కూడ పేరొందిన ఛాయాచిత్రకారులు, ఆ విచిత్రపు కూర్పును చూచి నవ్వుకొనినను, దానితో తీసిన చిత్రములను మాత్రము మనసార కొనియాడిరి.

ఆ చిత్రముల మేలిమికి కారణము కటకము మాత్రము కాదు. కృష్ణన్ గారు కాలినడకను గాని, పెంపుడు ఏనుగుపై గాని అడవిలో తిరిగి మృగముల నడవడిని ఏండ్ల తరబడి గమనించిరి. అది ఎపుడు తలయెత్తునో, ఎటు మరలునో ముందుగా ఎరిగినవానికి తెర తీయవలసిన క్షణము తెలియును. రంగుల ఫిల్ము వాడుకలోనికి వచ్చిన తరువాత కూడ ఆయన తెలుపు నలుపులనే విడువలేదు. ఆయన తీసిన ఏనుగుల చిత్రములలో చర్మపు ముడుతలును, గున్నను నడుమనిడుకొని నడచు మందయొక్క కట్టుబాటును నేటికిని చూపరులను ఆకర్షించుచున్నవి.

1968లో ఆయనకు జవాహర్‌లాల్ నెహ్రూ స్మారక పరిశోధనా వేతనము లభించెను. దాని తోడ్పాటుతో దక్షిణాపథమునందలి క్షీరదముల స్థితిగతులను పరిశీలించిరి. ఆ శ్రమఫలమును బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు 1975లో గ్రంథముగా ప్రకటించిరి. భారత ప్రభుత్వమువారు ఆయనను పద్మశ్రీ బిరుదముతో గౌరవించిరి. 1996వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన, ఎనుబదిమూడేండ్ల వయస్సున, కృష్ణన్ గారు దివంగతులైరి.

విద్యార్థి సోదరులారా! నేడు ఫిల్ము అరుదైనది. చీకటిలో సైతము బొమ్మను పట్టు కెమేరాలును, కృష్ణన్ గారు ఎరుగనంతటి శక్తిగల కటకములును అంగళ్ళలో లభించుచున్నవి. అయినను మృగమునకు ఇంకను చేరువకు పోయి, దానిని బెదరించి, మేతనుండి తరిమి బొమ్మ తీయువారు తక్కువగా లేరు. అట్టివారి చిత్రమున కనబడునది మృగము కాదు, దాని భయము. కటకమును ఎన్నుకొనుట యనగా మృగమునకును మనకును నడుమ ఎంత దూరముండవలెనో నిర్ణయించుకొనుట. ఆ దూరమును పాటింపని వానికి ఎంత వెలగల కటకమును నిష్ప్రయోజనమే.

సండూరు రాజకుటుంబమునకు చెందిన ఎం. వై. ఘోర్పడే గారును తరువాతి కాలమున వన్యమృగ ఛాయాచిత్రకారులుగా ఖ్యాతి గాంచిరి. ఆ కొండలకు చేరువనే దరోజి ఎలుగుబంటుల అభయారణ్యము 1994లో ఏర్పడెను. అచ్చట కావలి గోపురమెక్కి కూర్చున్నచో, సాయంకాలమున ఎదుటి బండలపైకి ఎలుగులు దిగివచ్చుట కనబడును. చేత కెమేరా లేకున్నను చింతలేదు. సద్దు చేయక, కదలక, అవి తమంతట తాము మరలిపోవువరకు చూచి వచ్చినవాడు కృష్ణన్ గారి బడిలో తొలిపాఠము చదివినవాడే.