దీపం పక్కన లెక్కల పుస్తకం

మన మిషన్ ఆసుపత్రుల నర్సింగ్ స్కూళ్లలో కొత్తగా చేరిన పిల్లల చేతికి దీపమిచ్చి ప్రమాణం చేయించడం పాఠకులలో చాలామంది చూసే ఉంటారు. ఆ దీపం ఫ్లోరెన్స్ నైటింగేల్‌ గుర్తు. ఆమె పుట్టిన మే 12వ తేదీనే ప్రపంచమంతా నర్సుల దినంగా జరుపుకొంటోంది. అయితే ఆమె యుద్ధ ఆసుపత్రిలో దీపం పట్టుకొని తిరిగింది రెండేళ్లు కూడా కాదు. ఆ తరువాత దాదాపు నలభై ఏళ్లు ఆమె చేతిలో ఉన్నది కలం, ముందున్నది మరణాల పట్టిక. సండేస్కూలు కథల్లో ఈ రెండో భాగం ఎందుకో రాదు.

1820లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టినందుకు తల్లిదండ్రులు ఆ ఊరి పేరే పెట్టారు. కలిగిన ఇంగ్లీషు కుటుంబం. తండ్రి స్వయంగా కూర్చోబెట్టి గ్రీకు, లాటిన్ నేర్పారు. ఆమె మనసు మాత్రం లెక్కల మీద ఉండేది. 1837 ఫిబ్రవరి 7న, పదహారేళ్ల వయసులో, దేవుడు తనను సేవకు పిలిచాడని ఆమె రాసి పెట్టుకొన్నారు. ఏ సేవకో తెలియలేదు. ఆసుపత్రి పని గౌరవమైన ఇంటి ఆడపిల్ల చేసే పని కాదని ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి అడ్డుపడ్డారు. చివరకు 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌కు వెళ్లి, పాస్టర్ ఫ్లీడ్నర్ నడుపుతున్న డీకనెస్సుల సంస్థలో మూడు నెలలు రోగుల సేవ నేర్చుకొన్నారు. అప్పటికి ఆమెకు 31 ఏళ్లు.

1854లో క్రిమియా యుద్ధం వచ్చింది. గాయపడిన సైనికులను ఓడల్లో కాన్‌స్టాంటినోపుల్ ఎదుటి ఒడ్డునున్న స్కుటారి ఆసుపత్రికి చేర్చేవారు. ఆ నవంబరులో నైటింగేల్ 38 మంది నర్సులతో అక్కడికి చేరుకొన్నారు. పరుపుల్లేవు, సబ్బు లేదు, వేడి అన్నపానాలు లేవు. ఆమె అన్నీ సమకూర్చారు. రాత్రివేళ వార్డులన్నీ తిరిగారు. అయినా చావులు ఆగలేదు సరికదా, ఆ చలికాలంలో పెరిగిపోయాయి. 1855 ఫిబ్రవరిలో ఆ ఆసుపత్రి మరణాల రేటు నూటికి 42కు చేరింది. మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుద్ధ్య సంఘం వచ్చి మురుగు కాలువలు కడిగించింది, నీళ్లు వచ్చే దారిలో పడి ఉన్న గుర్రపు కళేబరాన్ని తీయించింది, గోడలకు సున్నం వేయించింది, గాలి ఆడేటట్టు చేసింది. జూను నాటికి ఆ రేటు నూటికి రెండు చిల్లరకు దిగిపోయింది.

అప్పట్లో ఆమె దీన్ని పూర్తిగా గ్రహించినట్టు కనబడదు. తిండి చాలక, బట్ట చాలక, మరీ నీరసించిన తరువాత పంపబట్టే సైనికులు చనిపోయారన్నది ఆమె అభిప్రాయం. 1856లో ఇంగ్లండుకు తిరిగి వచ్చాక, జనన మరణాల లెక్కలు చూసే విలియం ఫార్ అనే నిపుణునితో కలిసి నెల నెలా వివరాలు వరుసగా పేర్చి చూశారు. కత్తి దెబ్బలకూ తుపాకీ గుండ్లకూ చనిపోయిన వారికంటే జబ్బులతో చనిపోయినవారు ఎన్నో రెట్లు. ఆ జబ్బుల్లో చాలావరకు ఆసుపత్రి మురికే కారణం. ఆ మురికి ఉన్నది తాను రాత్రింబగళ్లు శ్రమించిన కప్పు కిందే. తన ప్రేమకూ చెమటకూ లోటు లేదు, అయినా అవి చాలలేదని ఆ పట్టికలు చెప్పాయి. దేశమంతా దీపధారిణి అని కొనియాడుతున్న వేళ ఆమె ఆ కాగితాలను దాచిపెట్టి ఊరుకోవచ్చు. ఆమె వాటినే అచ్చు వేయించారు. అంకెలు చదివే ఓపిక లేని మంత్రులకు అర్థం కావాలని, పన్నెండు నెలలకు పన్నెండు రేకులుగా రంగుల బొమ్మ గీయించారు. యుద్ధం లేని రోజుల్లో కూడా, ఇంగ్లండు బారకాసుల్లోని సైనికులు అదే వయసు మామూలు మగవారికంటే దాదాపు రెట్టింపుగా చనిపోతున్నారని చూపించారు. 1858లో లండన్ గణాంక సంఘం ఆమెను సభ్యురాలిగా తీసుకొంది. ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆమే.

జరుగుతున్న కార్యక్రమాన్ని దాని రిజిస్టర్లతోనే పరీక్షించి, ఎక్కడ తప్పుతోందో కనిపెట్టి, పద్ధతి మార్చి, మళ్లీ లెక్క చూసుకోవడాన్ని ఇప్పుడు ఆపరేషనల్ రీసెర్చ్ అంటున్నారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వాడుకలోకి వచ్చిన ఆ పేరు ఆమె ఎరగరు. అయితే యెరూషలేము గోడ కట్టకముందు నెహెమ్యా రాత్రివేళ వెళ్లి ఎక్కడెక్కడ పడిపోయిందో తిరిగి చూసుకొన్నది మన సంఘాలకు తెలిసిన కథే. లోకాన్ని నడిపే దేవుని నియమాలు మరణాల లెక్కల్లోనూ కనబడతాయని, వాటిని వెదకడం భక్తిలో భాగమేనని ఆమె నమ్మారు.

మన దేశానికి ఆమె ఎన్నడూ రాలేదు. కాని 1859లో ఇక్కడి సైన్యం ఆరోగ్యంపై రాయల్ కమిషన్ వేసినప్పుడు, ప్రతి కంటోన్మెంటుకూ ప్రశ్నల పత్రాలు పంపించి, తిరిగి వచ్చిన జవాబుల కట్టలన్నీ చదివారు. నీళ్లెక్కడివి, మురుగు ఎటు పోతోంది, గదికి ఎందరు అన్న ప్రశ్నలు! ఇక్కడి బ్రిటిషు సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863లో కమిషన్ తేల్చింది. పదేళ్ల తరువాత ఆమె మళ్లీ లెక్క చూస్తే అది 18. అక్కడితో ఆగక సామాన్య ప్రజల వైపు, కరవుల వైపు తిరిగారు. మన గోదావరికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తరాలు నడిపి, నీటి పారుదల కోసం లండన్ అధికారులతో వాదించారు.

అన్నిటికన్నా కష్టమైన లెక్క ఇంకొకటుంది. పల్లెల్లో పేద ఇళ్లకు వెళ్లి పురుడు పోయగల మంత్రసానులను తయారుచేయాలని, ఆమె పేర వసూలైన నిధితో లండన్‌లోని కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో ఒక కాన్పుల వార్డు తెరిచారు. సెయింట్ జాన్స్ హౌస్ సోదరీమణులు చూసుకొనే వార్డు అది. మంచి పని, మంచి మనుషులు, ఆమెకెంతో ఇష్టమైన పని. కొన్నేళ్లకు అక్కడ పురిటి జ్వరం వచ్చి బాలింతలు చనిపోసాగారు. 1867లో వార్డును మూసివేశారు.

చాలామంది అక్కడితో కన్నీళ్లు తుడుచుకొని ఊరుకొనేవారు. ఆమె డాక్టర్ సదర్లాండ్ సహాయంతో లెక్క మొదలుపెట్టారు. ఒక బాలింత ఇంట్లో చనిపోతుందా, ఆసుపత్రిలో చనిపోతుందా, ఎక్కడ ఎక్కువ? విచిత్రమేమంటే ఈ సంగతిని సరిగ్గా రాసిపెట్టినవారే దాదాపు లేరు. దొరికినంతలో ఇంగ్లండులో మొత్తం మీద వెయ్యి కాన్పులకు సుమారు అయిదుగురు తల్లులు పోతుండగా, పెద్ద ప్రసూతి ఆసుపత్రుల్లో అంతకు ఎన్నో రెట్లు పోతున్నారు. దిక్కులేనివారు కానుపు పడే పేదల సత్రాల్లో కూడా పరిస్థితి అంత ఘోరంగా లేదు. అక్కడ జనం తక్కువ, శవపరీక్ష గది నుంచి నేరుగా వచ్చే వైద్య విద్యార్థులు లేరు. 1871లో ఆమె ఇదంతా పుస్తకంగా వేశారు. ప్రసూతి ఆసుపత్రి ఉండి తీరాలంటే అది పెద్ద ఆసుపత్రికి విడిగా, గదికి ఒక్క తల్లే ఉండే చిన్న చిన్న ఇళ్లుగా ఉండాలన్నారు. తన వార్డును మళ్లీ తెరిపించలేదు.

ఆమెను దోషం లేని మనిషిగా చూపడం సరికాదు. సూక్ష్మక్రిములే జబ్బులకు కారణమన్న మాటను ఆమె చాలాకాలం ఒప్పుకోలేదు. చెడుగాలి సిద్ధాంతాన్నే పట్టుకొన్నారు. తోటివారిని పనితో నలిపేశారన్న మాట కూడా ఉంది. కారణం విషయంలో పొరబడినా ఎక్కడ చావులు ఎక్కువో, ఏం చేస్తే తగ్గాయో నిజాయితీగా రాసుకోబట్టి ఆమె చేయించిన పనులు నిలిచాయి.

1891లో, డెబ్బై దాటిన వయసులో, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గణాంకాల ఆచార్య పీఠం ఒకటి పెట్టించాలని ఫ్రాన్సిస్ గాల్టన్‌కు రాశారు. బడి మానాక పిల్లలకు చదువు ఎంత మిగులుతోంది, శిక్షలు నేరాలను తగ్గిస్తున్నాయా పెంచుతున్నాయా, ఇండియా ప్రజలు కలిమికి వస్తున్నారా లేమికి పోతున్నారా అన్నవి అక్కడ తేల్చవలసిన ప్రశ్నలుగా వరుసబెట్టారు. ఆ పీఠం ఏర్పడలేదు. 1910 ఆగస్టు 13న ఆమె ప్రభువునందు నిద్రించారు. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేస్తామంటే కుటుంబం వద్దంది. ఈస్ట్ వెల్లో అనే పల్లె చర్చి ఆవరణలో ఆమె రాతి మీద పేరు పూర్తిగా లేదు, ఎఫ్. ఎన్. అన్న పొడి అక్షరాలూ పుట్టిన, గిట్టిన తేదీలూ మాత్రమే ఉన్నాయి.