కొలవడం నేర్చిన భీమవరం కుర్రాడు

బయోకెమిస్ట్రీ చదివిన వాళ్లు ఒకసారి మీ ప్రాక్టికల్ రికార్డు తిరగేయండి. ఫాస్ఫరస్ ఎస్టిమేషన్ అని ఒక ప్రయోగం ఉంటుంది. మాలిబ్డేట్ కలుపుతారు, ఏఎన్‌ఎస్‌ఏ రియేజెంట్ వేస్తారు, ద్రావణం నీలంగా మారుతుంది, కలరీమీటర్‌లో రీడింగ్ తీసుకుంటారు. దాని పేరు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. మార్కుల కోసం చేసేసి రికార్డు మూసేసుంటారు. ఆ సుబ్బారావు మన యల్లాప్రగడ సుబ్బారావే. పుట్టిన ఊరు భీమవరం. విజయవాడలో రైలెక్కితే పూట కూడా పట్టదు.

ఈ వారం ఆయన గురించి చెప్పడానికి ఒక కారణముంది. డెల్టాలో రొయ్యల మేత, కోళ్ల మేత మిల్లులు పెరిగాయి. ఫార్మా కంపెనీల ప్రకటనల్లో ఫెర్మెంటేషన్, అమైనో యాసిడ్ అనలిసిస్ అనే మాటలు కనిపిస్తున్నాయి. అసలు ఈ అమైనో యాసిడ్ వ్యాపారమేంటి, అందులో మనకు పనుందా అని అడిగే విద్యార్థులకు పాఠ్యపుస్తకం కంటే సుబ్బారావు జీవితమే మంచి దారి. ఎందుకంటే ఆయన ప్రపంచానికి ఇచ్చిన మందుల్లో రెండు మూడింటికి తోకలా వేలాడేది ఒకే పదార్థం, గ్లుటామిక్ యాసిడ్. టేస్టింగ్ సాల్ట్ అంటూ నూడుల్స్ బండి మీద చల్లుతారే, అది దీని సోడియం లవణమే.

ముందు మనిషి సంగతి. సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో డబ్బుల్లేవు. చిన్నప్పుడే కాశీకి పారిపోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామనుకున్నారు. తల్లి వెనక్కి పట్టుకొచ్చి బళ్లో కూర్చోబెట్టారు. రాజమండ్రిలో చదువు సాగలేదు, మెట్రిక్ రెండుసార్లు పోయింది. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కారు. బ్యాక్‌లాగ్‌లు ఉన్న వాళ్లు ఇక్కడ కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు, కానీ కథ ఇంకా తేలికపడలేదు.

మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ విదేశీ వస్తువుల బహిష్కరణకు పిలుపిచ్చిన రోజులవి. ఆపరేషన్ గదిలోకి సుబ్బారావు ఖద్దరు గౌనుతో వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది గిట్టలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్. ప్రభుత్వ వైద్య సర్వీసులో ప్రయత్నించారు, దొరకలేదు. మద్రాసులోనే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పే ఉద్యోగం దొరికింది. చదివిందొకటి, దొరికిన ఉద్యోగం ఇంకొకటి అని బాధపడే వాళ్లకు ఈ సంగతి కొత్తగా అనిపించదు.

ఇంకో దెబ్బ ఇంట్లోనే తగిలింది. స్ప్రూ అనే జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరినీ ఎనిమిది రోజుల తేడాలో తీసుకెళ్లింది. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది. దానికి అప్పట్లో మందు లేదు. ఈ జబ్బును గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1920ల మొదట్లో ఆయన బోస్టన్ చేరారు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి సాయం చేశారు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ అండగా నిలిచింది. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్లీ స్వదేశానికి రానేలేదు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సు చదువుతూ, ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా రోగుల బెడ్‌పాన్లు కడిగారు. అక్కడి ఎల్‌ఎంఎస్ డాక్టర్‌కు దొరికిన పని అది.

తర్వాత హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. 1925లో వచ్చిన ఫాస్ఫరస్ టెస్టు ఆ జంటదే. చూడ్డానికి చిన్న పని. రక్తంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంతుందో తేలిగ్గా, కచ్చితంగా చెప్పే పద్ధతి. కానీ అప్పటిదాకా ఎవరూ సరిగ్గా కొలవలేని దాన్ని కొలిచేసరికి లెక్క తేలని ఫాస్ఫరస్ కొంత బయటపడింది. దాని వెంట పడితే 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ దొరికాయి. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది ఏటీపీని విడిగా కనుక్కున్నారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో శాశ్వత పదవి మాత్రం రాలేదు. అంత పని చేసినా రాలేదంటే వినడానికి కష్టంగానే ఉంటుంది.

1940లో ఆయన విశ్వవిద్యాలయాన్ని వదిలి మందుల కంపెనీకి మారారు. న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో లెడర్లీ లేబొరేటరీస్. అకడమిక్ నుంచి ఇండస్ట్రీకి వెళ్తే పరిశోధన ఆగిపోతుందని మన దగ్గర ఒక అపోహ ఉంది. ఈయన విషయంలో తిరగబడింది. పెద్ద పనులన్నీ అక్కడే జరిగాయి.

రక్తహీనతను తగ్గించే ఏదో పదార్థం ఈస్ట్‌లో, కాలేయంలో, ఆకుకూరల్లో ఉందని అప్పటికే తెలుసు. దాన్ని విడదీయడమే కష్టం. 1941లో టెక్సస్ శాస్త్రవేత్తలు 4 టన్నుల పాలకూర నుంచి రవ్వంత తీసి, ఆకు అనే అర్థమొచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. టన్నుల కొద్దీ ఆకు ఉడికించి రోగులకు మందివ్వడం కుదిరే పని కాదు. సుబ్బారావు బృందం కాలేయం నుంచీ, బ్యాక్టీరియాతో పులియబెట్టిన ద్రావణం నుంచీ ఆ పదార్థాన్ని పట్టుకుంది. రెండూ ఒకటి కావు. కాలేయంలో దొరికిన దానికి ఒక గ్లుటామిక్ యాసిడ్ తోక ఉంది, పులియబెడితే వచ్చిన దానికి మూడున్నాయి. ఆ తేడా తేల్చడం కూడా కొలత పనే. టెరిడిన్ అనే ఉంగరం, పాబా అనే మధ్య ముక్క, చివర గ్లుటామిక్ యాసిడ్. ఈ మూడు ముక్కలనూ కలిపి 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసేశారు. ఆ మందు స్ప్రూ రోగుల మీద పనిచేసింది. అన్నదమ్ములకు పాతికేళ్లు ఆలస్యమైంది.

అదే బృందం ఇంకో అడుగు వేసింది. ఫోలిక్ యాసిడ్‌ను పోలినవి లుకేమియా పిల్లలకు ఇస్తే జబ్బు తగ్గకపోగా ఇంకా ముదిరిందని బోస్టన్ పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్ గమనించారు. అంటే క్యాన్సర్ కణాలకు ఇది మేత. అచ్చం దానిలాగే కనిపిస్తూ కణాన్ని మోసం చేసే అణువు కావాలి. లెడర్లీ రసాయనవేత్తలు ఉంగరం మీద ఒక్క ఆక్సిజన్ స్థానంలో నైట్రోజన్ పెట్టి, గ్లుటామిక్ తోకను అలాగే ఉంచారు. అదే అమైనోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రచురించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. క్యాన్సర్ కీమోథెరపీలో అదొక మలుపు. ఆ వ్యాసం రాసిన వాళ్ల జాబితాలో సుబ్బారావు పేరు లేదు. దానికి ఇంకొంచెం మార్పు చేసిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు.

మిగతావి క్లుప్తంగా. బోదకాలుకు ఇంటింటికీ తెచ్చి మింగించే డీఈసీ మాత్రలు ఆయన హయాంలోనే లెడర్లీ నుంచి వచ్చాయి. డెల్టాలో పెరిగిన వాళ్లకు వాటిని పరిచయం చేయక్కర్లేదు. 1948లో బెంజమిన్ డగ్గర్ బయటపెట్టిన ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ కూడా ఆ లేబొరేటరీదే. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే పోయారు. 53 ఏళ్లు.

ఇక గ్లుటామిక్ యాసిడ్ దగ్గరికి వద్దాం. దాని రుచిని 1908లో జపాన్‌లో ఇకెడా సముద్రపు నాచులో గుర్తించారు. సుబ్బారావు కాలంలో గోధుమ జిగురును హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో ఉడికించి తీసేవారు. ఖర్చెక్కువ, ఘాటు ఎక్కువ. ఆయన పోయిన ఎనిమిదేళ్లకు, 1956లో జపాన్‌లోని క్యోవా హక్కో కంపెనీలో కినోషిటా బృందం ఒక నేల బ్యాక్టీరియాను కనుక్కుంది. ఇప్పుడు దాని పేరు కొరినిబ్యాక్టీరియం గ్లుటామికం. చక్కెర పెట్టి, నైట్రోజన్ కోసం అమ్మోనియా అందించి, గాలి ఊదితే అది గ్లుటామిక్ యాసిడ్‌ను బయటికి వదులుతుంది. కిటుకంతా బయోటిన్ దగ్గరుంది. ఆ విటమిన్ తక్కువైతేనే కణం గోడ కారుతుంది. మొలాసిస్‌లో బయోటిన్ ఎక్కువ కాబట్టి అది వాడేటప్పుడు కొంచెం పెన్సిలిన్ లాంటిది వేసి కణాన్ని కారేలా చేస్తారు. చివరికి పీహెచ్‌ను 3.2 దగ్గరికి దించితే స్ఫటికాలు దిగుతాయి. ఫెర్మెంటేషన్ ఇంటర్వ్యూకి వెళ్తుంటే ఈ పేరా రెండుసార్లు చదవండి.

ఇప్పుడు ప్రపంచంలో గ్లుటామేట్ ఏడాదికి 30 లక్షల టన్నులకు పైగా తయారవుతోంది. ఎక్కువ భాగం వంటలోకే పోతుంది, ఉత్పత్తిలో చైనాది సింహభాగం. మందుల గ్రేడ్ పరిమాణం చిన్నది, ధర పెద్దది. ఫోలిక్ యాసిడ్‌కు, మెథోట్రెక్సేట్‌కు ఇప్పటికీ ముడిసరుకు ఇదే. రేషన్ బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపే కార్యక్రమాన్ని కేంద్రం 2021లో ప్రకటించాక, మన రైస్ మిల్లులు 100 కిలోలకు ఒక కిలో చొప్పున బలవర్ధక గింజలు కలపడం మొదలుపెట్టాయి. భీమవరం మనిషి తేల్చిన అణువు అలా డెల్టా బియ్యంలోకే తిరిగొచ్చింది.

కానీ మన ప్రాంతంలో అసలు బేరం గ్లుటామిక్‌ది కాదు, దాని చుట్టాలు లైసిన్, మిథియోనిన్‌లది. మొక్కజొన్నలో లైసిన్ తక్కువ, సోయా చెక్కలో మిథియోనిన్ తక్కువ. చేపపొడి ఖరీదైపోయింది. అందుకే కోడికైనా రొయ్యకైనా ఈ రెండూ విడిగా కలపాల్సిందే. లైసిన్‌ను ఆ కొరినిబ్యాక్టీరియం జాతితోనే పులియబెట్టి తీస్తారు, ఏటా ప్రపంచ ఉత్పత్తి 20 లక్షల టన్నులు దాటింది. మిథియోనిన్‌ను ఎక్కువగా పెట్రో రసాయనాల నుంచి చేస్తారు. మన దేశం రెండింటికీ ప్రధానంగా దిగుమతుల మీదే ఆధారపడింది. కృష్ణా డెల్టాలోనే లైసిన్ ఫ్యాక్టరీ పెట్టొచ్చుగా అంటారు కొందరు. ఉయ్యూరులో చక్కెర, ఆల్కహాల్ చేసిన అనుభవం ఉంది నిజమే. కానీ చవక చక్కెర, చవక కరెంటు, లక్ష టన్నుల స్థాయి లేకుండా చైనా ధరతో తూగలేం. ధరలు కూడా అక్కడి ఫ్యాక్టరీలను బట్టి ఎగిరి పడుతుంటాయి. తయారీ ఉద్యోగాల కోసం ఇక్కడే కూర్చుని ఎదురు చూడటం నా లెక్కలో తెలివైన పని కాదు. ఆ పని చేయాలని పట్టుదల ఉంటే పరవాడ ఫార్మా సిటీకో హైదరాబాద్‌కో బయల్దేరండి.

ఇక్కడున్నది కొలిచే పని. హనుమాన్ జంక్షన్, కైకలూరు, భీమవరం వైపు మేత మిల్లుల్లో ప్రతి లోడు సరుకునూ పరీక్షించాలి. ప్రొటీన్ ఎంతో చెప్పే జెల్డాల్ పరీక్ష నైట్రోజన్‌నే చూస్తుంది, యూరియా కలిపి మోసం చేసినా ప్రొటీన్‌గానే లెక్కేస్తుంది. అందుకే అమైనో యాసిడ్‌లను విడివిడిగా చూడాలి. నమూనాను 6 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో 110 డిగ్రీల వద్ద 24 గంటలు ఉడికించి హెచ్‌పీఎల్‌సీలో పెడతారు. ఈ పద్ధతిలో ట్రిప్టోఫాన్ పాడైపోతుంది, దానికి వేరే దారి చూడాలి. ఎగుమతి రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు చూసే పని ఇంకొకటి. దానికి భీమవరంలో ఎంపెడా ల్యాబ్ ఉంది, ప్రాసెసింగ్ ప్లాంట్లకూ సొంత ల్యాబ్‌లుంటాయి. బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, బీఫార్మసీ, ఫిషరీస్ చదివిన వాళ్లు వీటికి ప్రయత్నించొచ్చు. మొదటి జీతం చూసి మొహం చిన్నబుచ్చుకోవద్దు, హెచ్‌పీఎల్‌సీ మీద సొంతంగా చేయి తిరిగాక బేరం మారుతుంది. కాలేజీలో ఆ మిషన్ అద్దాల వెనకే ఉంటే, వేసవిలో ఏదైనా మిల్లు ల్యాబ్‌ను రెండు నెలల ట్రైనింగ్ అడగండి.

ఒక ప్రశ్నకు సిద్ధపడి వెళ్లండి. లైసిన్ హైడ్రోక్లోరైడ్ బస్తా మీద 98.5 శాతం అని ఉంటుంది, అందులో అసలు లైసిన్ ఎంత అని అడుగుతారు. సుమారు 78.8 శాతం. మిగిలింది హైడ్రోక్లోరైడ్ బరువు, కొద్దిగా తేమ. ఈ లెక్క తెలియకుండా మేత ఫార్ములా వేస్తే కోళ్లకు లైసిన్ తక్కువ పడుతుంది.