క్రిస్టియన్ బిర్కెలాండ్

క్రిస్టియన్ ఓలాఫ్ బెర్న్‌హార్డ్ బిర్కెలాండ్ (డిసెంబరు 13, 1867 - జూన్ 15, 1917) నార్వే దేశానికి చెందిన సుప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త. ధ్రువప్రాంతాల ఆకాశంలో రాత్రివేళ కనిపించే ధ్రువజ్యోతులకు కారణం, భూ అయస్కాంత క్షేత్రం వెంబడి వాతావరణంలోకి దిగివచ్చే ఎలక్ట్రాన్లేనని ఈయన ప్రతిపాదించారు. ఆ సంఘటనకు ప్రయోగశాలలో నమూనా నిర్మించి చూపారు. నత్రికామ్లం తయారీకి చెందిన బిర్కెలాండ్-ఐడె పద్ధతి వలన రసాయన శాస్త్ర విద్యార్థులకు ఈయన పేరు పరిచితమే గాని, ఆ పద్ధతి పుట్టుకకు దారితీసిన ఆకాశ పరిశోధన అంతగా ప్రచారం పొందలేదు.

విద్యాభ్యాసం

బిర్కెలాండ్ క్రిస్టియానియా (నేటి ఓస్లో) నగరంలో జన్మించారు. అక్కడి విశ్వవిద్యాలయంలో చదివిన పిదప పారిస్‌లో పాయింకరే వద్ద, బాన్‌లో హెర్ట్జ్ వద్ద అధ్యయనం సాగించారు. 1895లో మాక్స్‌వెల్ సమీకరణాలకు ఒక సాధారణ సాధనను ప్రకటించారు. 1898లో ఆచార్య పదవిని పొందారు.

ధ్రువజ్యోతుల పరిశోధన

1896లో కాథోడ్ కిరణాలను అయస్కాంతపు ధ్రువం వద్దకు పంపినపుడు అవి ధ్రువం వైపు కేంద్రీకృతం కావడం బిర్కెలాండ్ గమనించారు. సూర్యుని నుండి వెలువడే ఇటువంటి కిరణాలనే భూమి కూడ తన ధ్రువాల వైపు లాగుకొంటున్నదని ఆయన తలచారు. అయస్కాంత తుఫానులకు సూర్యుడు కారణమన్న వాదాన్ని లార్డ్ కెల్విన్ అంతటివాడు 1892లో తోసిపుచ్చి ఉండగా, ఈ ఆలోచన సాహసమనే చెప్పాలి.

రుజువుల కొరకు ఆయన ఉత్తర నార్వేలోని హాల్డే పర్వతానికి వెళ్ళారు. ఈ యాత్రలు ప్రాణాంతకమైనవి. తొలి యాత్రలో మంచు తుఫానులో చిక్కుకొని, తరువాతి కాలంలో సముద్ర శాస్త్రవేత్తగా పేరుపొందిన హెల్లాండ్-హాన్సెన్ తన చేతివేళ్ళు కొన్నింటిని పోగొట్టుకొన్నారు. 1899-1900 యాత్రలో మంచుచరియ విరిగిపడి బృందంలోని ఒక యువకుడు మరణించాడు. అయినను 1902-03లో నార్వే, ఐస్‌లాండ్, స్పిట్స్‌బెర్గెన్, నోవాయా జెమ్ల్యాలలో నాలుగు కేంద్రాలు నెలకొల్పి, ఒకే సమయంలో అయస్కాంత క్షేత్రపు మార్పులను నమోదు చేయించారు. ఈ కొలతల ఆధారంగా, విద్యుత్ ప్రవాహాలు అయస్కాంత రేఖల వెంబడి పైనుండి దిగి, వాతావరణపు పైపొరలో అడ్డంగా ప్రవహించి, తిరిగి పైకి పోతాయని ఆయన నిర్ధారించారు.

ప్రయోగశాలలో ఆయన నిర్మించిన నమూనా పేరు టెరెల్లా, అనగా చిన్న భూమి. లోపల విద్యుదయస్కాంతం అమర్చిన లోహపు గోళానికి, కిరణాలు తగిలితే మెరిసే పూత పూసి, శూన్యపేటికలో ఉంచి కాథోడ్ కిరణాలను పంపేవారు. గోళంపై రెండు ధ్రువాల చుట్టు వెలుగు వలయాలు ఏర్పడేవి. నిజమైన ధ్రువజ్యోతులు కూడ సరిగా ధ్రువం మీద కాక, దానిని చుట్టిన వలయంలోనే అధికంగా కనిపిస్తాయి. కణాల మార్గాలను గణితపరంగా లెక్కించే పనిని ఆయన సహచరుడు కార్ల్ స్టోర్మర్ చేపట్టారు.

ఎరువుల పరిశ్రమ

పరిశోధనలకు ధనం కావాలి. అందుకు బిర్కెలాండ్ విద్యుదయస్కాంత ఫిరంగి ఒకటి తయారుచేసి 1903లో ప్రదర్శించగా, అది షార్ట్ సర్క్యూట్ అయి పెద్ద మెరుపుతో విఫలమైంది. కొద్దికాలానికే పారిశ్రామికవేత్త సామ్ ఐడె గాలిలోని నత్రజనిని స్థిరీకరించగల విద్యుత్ చాపం కొరకు వెదుకుతున్నట్లు తెలిసింది. ఆ వైఫల్యమే పెట్టుబడి అయింది! 1905లో నార్స్క్ హైడ్రో సంస్థ ఏర్పడింది. ఈ పద్ధతికి విద్యుచ్ఛక్తి చాలా ఎక్కువ పట్టడం వలన తరువాత హేబర్ పద్ధతి దీనిని తొలగించింది.

చివరి రోజులు

1905లో చేసుకొన్న వివాహం విడాకులతో ముగిసింది. నిద్రలేమికి వాడిన వెరొనాల్ అలవాటుగా మారింది. రాశి కాంతిని పరిశీలించుటకు 1913లో ఈజిప్టు వెళ్ళిన ఆయన, ప్రపంచ యుద్ధకాలంలో జపాను మీదుగా స్వదేశానికి మరలబోయి, టోక్యోలోని హోటలు గదిలో మరణించారు. వైద్యులు సూచించిన అర గ్రాముకు బదులు సుమారు 10 గ్రాముల వెరొనాల్ సేవించినట్లు తేలింది. వయస్సు 49 సంవత్సరాలు.

సిద్ధాంతం - తరువాతి పరిణామాలు

ఒకే ఆవేశం గల కణాల ప్రవాహం పరస్పర వికర్షణ వలన దారిలోనే చెదరిపోవునని షుస్టర్ ఆక్షేపించారు. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. ప్రవాహాలన్నీ వాతావరణంలోనే పరిమితమన్న సిడ్నీ చాప్‌మన్ అభిప్రాయం దశాబ్దాల పాటు చెలామణి అయింది. స్వీడన్‌కు చెందిన ఆల్వేన్ మాత్రం బిర్కెలాండ్ పక్షం వహించారు. 1966లో జ్ముదా బృందం ఉపగ్రహ కొలతలను ప్రకటించిన పిదప, క్షేత్రరేఖల వెంబడి ప్రవాహాలు ఉన్నవని క్రమంగా రుజువైంది. వాటినే నేడు బిర్కెలాండ్ ప్రవాహాలు అంటారు. అయితే ఎలక్ట్రాన్లు సూర్యుని నుండి తిన్నగా రావని, భూమి అయస్కాంతావరణంలో వేగం పుంజుకొని దిగుతాయని కూడ తెలిసింది. ఆ మేరకు ఆయన సిద్ధాంతం సవరణకు గురైంది.

దిగే ఎలక్ట్రాన్ వాయుకణాలను ఢీకొంటూ ఒక్కొక్క అయాను జంటకు సగటున 35 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని వెచ్చిస్తుంది. అంటే 10,000 ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్ ఒక్కటే దాదాపు 285 జంటలను పుట్టించగలదు. శక్తి పెరిగినకొద్దీ అది మరింత లోతుకు చొచ్చుకొని పోతుంది. 1,000 ఎలక్ట్రాన్ వోల్టులవి 150 కి.మీ. ప్రాంతంలోనూ, 10,000 ఎలక్ట్రాన్ వోల్టులవి 100 కి.మీ. ప్రాంతంలోనూ అత్యధిక అయనీకరణాన్ని కలిగిస్తాయి. 1963లో రీస్ ఈ లెక్కకు ఒక ప్రామాణిక పద్ధతిని చూపారు. కంప్యూటర్ల సాయంతో దానిని మెరుగుపరచిన నమూనాలు తరువాత వచ్చాయి. ధ్రువప్రాంతాల రేడియో ప్రసారాలకు కలిగే అంతరాయాన్ని అంచనా వేయుటకు ఇవి అవసరం. ఈ ప్రవాహాలు ఉధృతమైన 1989 మార్చి తుఫానులో కెనడాలోని క్విబెక్ ప్రాంతం సుమారు 9 గంటలు చీకటిలో ఉండిపోయింది.

బిర్కెలాండ్ నోబెల్ బహుమతికి 7 సార్లు ప్రతిపాదింపబడినా అది లభించలేదు. 1994లో నార్వే విడుదల చేసిన 200 క్రోనర్ల నోటుపై ఈయన చిత్రాన్ని ముద్రించారు. 2017లో ఆ నోటు స్థానంలో కొత్త నోటు వచ్చింది. చంద్రుని ఆవలి వైపునున్న ఒక బిలానికి కూడ ఈయన పేరు పెట్టారు.