కలరా విషాన్ని పట్టిచ్చిన కలకత్తా పరిశోధకుడు శంభునాథ్ డే

తెలంగాణ పల్లెల్లో దానిని గత్తర అన్నారు, మరికొన్ని ప్రాంతాల్లో వాంతిభేది అన్నారు. పేరు ఏదైనా, ఉదయం పొలానికి వెళ్లిన మనిషిని సాయంత్రానికి బలిగొనగల వ్యాధిగా కలరా తరతరాలను వణికించింది. 1817లో గంగా ముఖద్వార ప్రాంతం నుంచి విజృంభించి దేశదేశాలకు పాకిన ఈ మహమ్మారి మనిషిని ఏ విధంగా చంపుతుందో తేలడానికి మరో 142 సంవత్సరాలు పట్టింది. ఆ చిక్కుముడిని విప్పినవారు కలకత్తా వైద్య కళాశాల ఆచార్యులు డాక్టర్ శంభునాథ్ డే. అణుజీవశాస్త్రం, కణజీవశాస్త్రం స్నాతకోత్తర స్థాయిలో అభ్యసించే విద్యార్థులందరికీ నేడు కలరా విషం ఒక తప్పనిసరి పాఠం. దానిని తొలిసారి నిరూపించిన వ్యక్తి పేరు మాత్రం వారిలో చాలామందికి తెలియకపోవచ్చు.

బెంగాల్‌లోని హుగ్లీ జిల్లా గరీబాటి గ్రామంలో 1915 ఫిబ్రవరి 1న శంభునాథ్ జన్మించారు. తండ్రి దాశరథి డే చిరు వ్యాపారి. కుటుంబంలో చదువు విలువ తెలిసిన పినతండ్రి ప్రోత్సాహం, జిల్లా స్థాయి ఉపకార వేతనం ఆయనను హుగ్లీ మొహ్సిన్ కళాశాలకు, అక్కడి నుంచి కలకత్తా వైద్య కళాశాలకు చేర్చాయి. 1939లో వైద్య పట్టా, 1942లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా పొందారు. అనంతరం వ్యాధి విజ్ఞాన విభాగంలో బోధకునిగా చేరారు. ప్రాక్టీసు పెట్టుకుంటే ఆదాయానికి లోటుండని రోజుల్లో ఆయన మనసు ప్రయోగశాలకే అంకితమైంది.

1947లో పరిశోధన విద్యార్థిగా లండన్ వెళ్లారు. యూనివర్సిటీ కాలేజ్ హాస్పిటల్ వైద్య కళాశాలలో ప్రఖ్యాత వ్యాధి విజ్ఞాన శాస్త్రవేత్త రాయ్ కామెరాన్ పర్యవేక్షణలో 1949లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. అక్కడ ఆయన పనికి, కలరాకు పైకి ఏ సంబంధమూ కనిపించదు. మెదడులో ద్రవం పేరుకుపోయే స్థితిపై ఆయన పరిశోధించారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడంపై గురువుతో కలిసి ప్రయోగాలు చేశారు. అయితే రెండింటిలోనూ ప్రశ్న ఒక్కటే: శరీరంలోని ద్రవం తన హద్దులు దాటి చేరకూడని చోటికి ఎందుకు చేరుతుంది? కలకత్తాకు తిరిగివచ్చిన యువ పరిశోధకునికి ఆ ప్రశ్నే మరో రూపంలో ఎదురైంది. కలరా రోగి పేగులోకి అన్ని లీటర్ల నీరు ఎక్కడి నుంచి వస్తోంది?

ఆనాటికి ఈ విషయంలో శాస్త్రలోకం దారి తప్పి ఉంది. 1884లో ఇదే కలకత్తా నగరంలో రోగుల పేగుల్లోను, చెరువు నీటిలోను కలరా సూక్ష్మజీవిని గుర్తించిన జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోక్, అది ఏదో విషాన్ని విడుదల చేస్తుందని ఊహించారు. ఆ విషం కోసం వెదికినవారు సూక్ష్మజీవులను జంతువుల రక్తంలోకి, ఉదర కుహరంలోకి ఎక్కించారు. జంతువులు మరణించాయే తప్ప వాటిలో కలరా లక్షణాలు కనిపించలేదు. దాంతో విషం సూక్ష్మజీవి దేహంలోనే దాగి ఉండి, అది చచ్చాక బయటపడుతుందన్న అభిప్రాయం స్థిరపడింది. పేగు లోపలి పొర ఊడిపోవడం వల్లనే నీళ్ల విరేచనాలు అవుతాయని కూడా అనేకులు నమ్మారు.

డే ఆలోచన సూటిగా సాగింది. వ్యాధి పేగులో పుడుతున్నప్పుడు ప్రయోగం కూడా పేగులోనే జరగాలి కదా! కుందేలుకు మత్తు ఇచ్చి, చిన్న పేగులో కొద్దిపాటి భాగాన్ని రెండు కొసల వద్ద దారంతో బిగించి కట్టి, ఆ సంచిలాంటి భాగంలోకి కలరా సూక్ష్మజీవులను ఎక్కించారు. మరునాటికి ఆ భాగం బియ్యం కడిగిన నీళ్లలాంటి ద్రవంతో ఉబ్బిపోయింది. కలరా రోగి విసర్జించే ద్రవం కూడా సరిగ్గా అలాంటిదే. సూక్ష్మజీవులు లేని ద్రావణం ఎక్కించిన భాగాలు మామూలుగానే ఉన్నాయి. సహచరుడు డి.ఎన్. చటర్జీతో కలిసి 1953లో ఈ ఫలితాలను ప్రచురించారు. 1956లో ఇదే పద్ధతితో కొన్ని రకాల ఇ.కోలి బాక్టీరియా కూడా పేగులోకి ద్రవాన్ని రప్పించగలదని ఆయన బృందం చూపింది. పసిపిల్లల ప్రాణాలు తీసే అతిసార వ్యాధుల అధ్యయనానికి అది కొత్త దారి చూపింది.

అసలైన రుజువు ఇంకా మిగిలే ఉంది. ద్రవాన్ని రప్పిస్తున్నది సజీవ సూక్ష్మజీవా, లేక అది వెలువరించే పదార్థమా? డే కలరా సూక్ష్మజీవులను పోషక ద్రావణంలో పెంచి, ఆ ద్రావణాన్ని వడగట్టి సూక్ష్మజీవులను పూర్తిగా తొలగించారు. మిగిలిన తేటను కుందేలు పేగులోకి ఎక్కించగా, పేగు మళ్లీ ద్రవంతో నిండింది. సూక్ష్మజీవి బతికి ఉండగానే బయటికి వదిలే విషమే కలరాకు మూలమని ఆ విధంగా తేలింది. 1959 మే 30న నేచర్ పత్రికలో ఆయన ఒక్కరి పేరుతోనే వెలువడిన ఆ చిన్న వ్యాసం, కోక్ ఊహకు 75 ఏళ్ల తర్వాత ఆధారం చూపింది. కుందేళ్లు, దారం, వడపోత సామగ్రి, పదునైన ప్రశ్న: ఆయన పెట్టుబడి దాదాపు అంతే.

తర్వాతి కథను అణుజీవశాస్త్రం పూరించింది. ఈ విషంలోని ఒక భాగం పేగు కణం ఉపరితలానికి అతుక్కుంటుంది. మరో భాగం లోపలికి చొరబడి, కణంలోని ఒక ప్రోటీన్ మీటను ఆరిపోకుండా బిగించివేస్తుంది. సైక్లిక్ ఏఎంపీ అనే సందేశ అణువు కణంలో విపరీతంగా పెరుగుతుంది. క్లోరైడ్ లవణం పేగులోకి పారుతుంది, దాని వెంట సోడియం, నీరు తరలిపోతాయి. తీవ్రమైన స్థితిలో గంటకు లీటరు వరకు నీరు కోల్పోవచ్చు. పేగు పొర మాత్రం ఊడిపోదు, చక్కెరతో పాటు ఉప్పును పీల్చుకునే శక్తినీ కోల్పోదు. చక్కెర, ఉప్పు కలిపిన నీటితో ప్రాణం నిలపవచ్చన్న చికిత్సకు ఆధారం ఇదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో కిక్కిరిసిన బొంగావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఈ ద్రావణాన్ని విస్తృతంగా వాడి, సుమారు 30 శాతంగా ఉన్న మరణాలను 4 శాతం లోపునకు తగ్గించారు.

విషాన్ని శుద్ధి చేయాలన్న డే ప్రయత్నం మాత్రం వసతుల కొరత వద్ద ఆగిపోయింది. ఆ పనిని 1969లో అమెరికాలోని డల్లాస్‌లో ఫింకెల్‌స్టైన్, లోస్పలుటో పూర్తి చేశారు. డే 1973లో వైద్య కళాశాల నుంచి పదవీ విరమణ చేసి, అనంతరం బోస్ సంస్థలో పరిశోధన కొనసాగించారు. 1978లో స్టాక్‌హోమ్‌లో కలరాపై జరిగిన నోబెల్ సదస్సుకు ఆహ్వానం అందింది. ఏళ్ల తరబడి తన పని మరుగున పడిన ఆవేదనను ఆయన ఆ వేదికపై దాచుకోలేదు. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును ఆ పురస్కారానికి ఒకటికి మించిన సార్లు ప్రతిపాదించారు. స్వదేశంలో ఏ శాస్త్ర అకాడమీ కూడా ఆయనను సభ్యునిగా ఎన్నుకోలేదు, ప్రధాన పురస్కారం ఏదీ దక్కలేదు. దూరదేశపు శాస్త్రవేత్తకు కనిపించిన ప్రతిభ ఇంటివారి కళ్లకు ఎందుకు ఆనలేదన్న ప్రశ్నకు సంతృప్తికరమైన జవాబు ఇప్పటికీ లేదు.

1985 ఏప్రిల్ 15న ఆయన కన్నుమూశారు. బెంగళూరు నుంచి వెలువడే కరెంట్ సైన్స్ పత్రిక ఆయన కృషిపై ప్రత్యేక సంచికను 1990లో తెచ్చింది.