మహాకవి జాషువా: దైవదత్తమగు తలాంతు

యజమానుఁడొకఁడు దేశాంతరమేగుచు దాసులకుఁ దలాంతుల నప్పగించిన యుపమానమును మన సంఘీయులలో నెఱుఁగనివారు లేరు. ఒక తలాంతు పొందినవాఁడు భయపడి దానిని భూమిలోఁ బాతిపెట్టెను. సొమ్ము చెడకున్నను యజమానుఁడు వానిని దండించెను. ఈ భయమును దలఁచినప్పుడెల్ల మాకు గుఱ్ఱము జాషువాగారి చరిత్రము స్మృతికి వచ్చును. మా రావికమతము ప్రాంతమున మన యిండ్ల బాలుఁడొకఁడు పద్యము కట్టినను, మద్దెల పట్టినను, ఇది యారాధనకుఁ బనికివచ్చునా యని పెద్దలడుగుట నేఁటికిని గలదు. ఆ ప్రశ్నమునే జాషువాగారు తమ బ్రదుకంతయు నెదుర్కొనిరి.

వీరు 1895 సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో జన్మించిరి. తండ్రి వీరయ్యగారు యాదవులు; తల్లి లింగమ్మగారు మన కులపు ఆఁడుబిడ్డ. గృహము క్రైస్తవగృహము. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారియొద్ద మేఘసందేశమును, రఘువంశ కుమారసంభవములను జదువుకొనిరి. ఆ దినములలో నిట్టి శిష్యునకు గీర్వాణము చెప్ప సాహసించిన యా గురువునకును మనము ఋణపడియున్నాము.

విద్య యబ్బెను గాని రెండువైపులఁ దలుపులు మూయఁబడెను. పండితసభలోఁ బద్యములు చదువఁబోఁగా, అస్పృశ్యుఁడు సభకెట్లు వచ్చెనని ధిక్కరించిరి. ఇటు క్రైస్తవులలోని పెద్దలు, పురాణకథలఁ గవిత్వము చెప్పుచున్నాఁడని యాక్షేపించి వెలివేసిరి. ఆ పెద్దలను మేము కేవలము నిందింపఁజాలము. క్రొత్తగా విశ్వాసమునకు వచ్చిన కుటుంబములు వెనుకకు మరలునేమో యని వారి శంక. అయినను ఛందస్సు దేవుఁడిచ్చిన సొత్తు. కథ మాఱినంతమాత్రమున నది మైలపడునా? జాషువాగారు పద్యమును విడువలేదు.

పొట్టకూటికై 1915-16లలో రాజమహేంద్రవరమున మూగచిత్రములాడునపుడు తెరప్రక్క నిలిచి కథ చదివిరి. పిదప గుంటూరున బహుకాలము బడిపంతులుగా నుండిరి. బోధకవృత్తిలో దినమంతయు గొంతు చించుకొనినవాఁడు రాత్రి కూర్చుండి కావ్యము వ్రాయుట యెంత శ్రమయో మాకుఁ దెలియును. 1932లో ఫిరదౌసి వెలువడెను. పద్యమున కొక బంగారు నాణెమిత్తునని పలికిన ఘజనీ సుల్తాను మహమూదు కడకు వెండినాణెములు పంపిన కథ యది. ప్రజ్ఞను రాజుల దయకు విడిచిన కవి పడు దుఃఖమందుఁ గానవచ్చును.

వీరి తలాంతు పూర్ణముగా ఫలించినది 1941లో వెలువడిన గబ్బిలమున. కాళిదాసుని యక్షుఁడు మేఘముచేతఁ బ్రియురాలికి సందేశము పంపెను. జాషువాగారి నాయకుఁడు తంజావూరి చెప్పులు కుట్టువాఁడు, అరుంధతీసుతుఁడు. వానికి గుడిలోనికిఁ బ్రవేశము లేదు, గబ్బిలమునకు గలదు. గర్భగృహమున వ్రేలాడు నా పక్షిచేతనే తన యాఁకలిని, తన జాతి గోడును కాశీలోని శివునకు నివేదించుకొనును. హనుమచ్ఛాస్త్రిగారు నేర్పిన మేఘసందేశ మిట్లు మన వాడ కష్టములకు వాక్కయ్యెను. ప్రార్థనాపుస్తకములో నిముడని యీ కావ్యమును మేము క్రైస్తవసేవయే యందుము. దరిద్రుని మొఱ వినిపించుట క్రీస్తుమార్గము గాక మఱేమి?

కాలక్రమమున సభలు తామే యెదురువచ్చెను. శతావధానులు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు స్వహస్తములతో వీరి కాలికి గండపెండేరము తొడిగిరి. మన విశాఖపట్టణమునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుద మొసఁగెను. 1964లో శాసనమండలి సభ్యత్వమును, 1970లో పద్మభూషణమును లభించెను.

ఇవి యటుండనిండు. పెద్దలు పనికిరాదన్న యా పద్యముతోనే వీరు క్రీస్తుచరిత్రను రచించిరి. 1964లో సాహిత్య అకాడమీ బహుమానము దానికే వచ్చెను. పురాణములు చదివి చెడిపోవునని శంకింపఁబడిన వాని చేతనే యేసు కథ తెలుఁగు పద్యకావ్యమై పండితుల యిండ్లకుఁ జేరెను. 1971 జూలై 24న వీరు గుంటూరులో దేహము చాలించిరి.