సయ్యద్ అబ్దుల్ రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం (ఆగష్టు 17, 1909 - జూన్ 11, 1963) హైదరాబాదుకు చెందిన ప్రముఖ ఫుట్‌బాల్ శిక్షకుడు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1950 నుండి 1963 వరకు భారత జాతీయ జట్టుకు శిక్షకుడిగా పనిచేశాడు. ఈయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానంలో నిలిచింది. క్రీడాభిమానులు ఈయనను రహీం సాబ్ అని పిలిచేవారు.

తొలి జీవితం

రహీం హైదరాబాదులో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, పాఠశాల ఉపాధ్యాయుడిగా జీవితాన్ని ప్రారంభించాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందిన తరువాత పాఠశాలల్లో క్రీడల బాధ్యతలు కూడా నిర్వహించాడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యి, మరణించే వరకు ఆ పదవిలో కొనసాగాడు. ఈయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్ జట్టులో సభ్యుడు, తరువాతి కాలంలో అంతర్జాతీయ రెఫరీ.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు

రహీం తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్ గెలుచుకుంది. ఆనాడు కలకత్తా క్లబ్బులదే పైచేయి. అటువంటి కాలంలో హైదరాబాదు దేశ ఫుట్‌బాల్‌కు రెండవ కేంద్రంగా ఎదిగింది.

శిక్షణా పద్ధతి

ప్రత్యర్థి గోలుపై దాడి చేసే ఆటగాడిని ఫార్వర్డ్ అంటారు. సాధారణంగా ఫార్వర్డ్ విలువను అతడు చేసిన గోళ్ళతోనే లెక్కిస్తారు. రహీం దృష్టిలో ఆ లెక్క అసంపూర్ణం. బంతిని తన వద్దనే ఉంచుకోకుండా సహచరునికి సకాలంలో అందించడం, ఖాళీ చోటుకు పరుగెత్తి ప్రత్యర్థి రక్షకులను తనవైపు లాగడం, అవసరమైతే వెనుకకు వచ్చి రక్షణలో తోడ్పడటం కూడా అంతే విలువైనవని ఈయన భావించాడు.

ఈ గుణాలను పెంచడానికి హైదరాబాదులో ప్రత్యేక పోటీలు నిర్వహించాడు. కొన్ని పోటీలలో బంతిని కాలితో నడిపిస్తూ ఒంటరిగా ముందుకు సాగడం నిషిద్ధం. మరికొన్నింటిలో ఆటగాళ్ళు తమకు అలవాటులేని కాలితోనే ఆడాలి. సికిందరాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం ప్రతిభను గుర్తించినవాడు కూడా రహీమే. పేద కుటుంబంలో పుట్టిన బలరాం అనంతరం స్మరించదగిన ఫార్వర్డ్‌గా పేరు పొందాడు.

జాతీయ జట్టు

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ 1-0 తేడాతో ఇరాన్‌ను ఓడించింది. మరుసటి సంవత్సరం హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో మాత్రం యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో పరాజయం పొందింది. రహీం ఆ తరువాత జట్టు ఆటతీరును మార్చాడు. 1956లో మెల్‌బోర్న్‌లో భారత్ ఆస్ట్రేలియాపై 4-2తో గెలిచింది. ఆ పోటీలో నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఇప్పటికీ అదే అత్యుత్తమ ఫలితం.

జకార్తా, 1962

1962 ఆసియా క్రీడల నాటికి రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు. తొలి పోటీలోనే భారత్ 0-2తో దక్షిణ కొరియాకు ఓడిపోయింది. తరువాత థాయ్‌లాండ్‌పై 4-1తో గెలిచినా, ప్రధాన రక్షకుడైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. దానితో జపాన్‌పై 2-0తో గెలిచిన పోటీలో అతడు ఆడలేదు.

సెమీఫైనల్‌కు రహీం సాహసోపేతమైన నిర్ణయం తీసుకున్నాడు. జర్నైల్ కళాశాల రోజుల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడినవాడు. గాయంతో ఉన్న అతడిని రక్షణ నుండి తప్పించి అదే స్థానంలో నిలిపాడు. ఆ నిర్ణయం వల్ల అలవాటైన ఒక ఫార్వర్డ్ పక్కన కూర్చోవలసి వచ్చింది, రక్షణ భారం ఇతరులపై పడింది. దక్షిణ వియత్నాంపై భారత్ 3-2తో గెలిచింది. ఆ మూడింటిలో ఒక గోలు జర్నైల్‌ది.

సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియాయే ఎదురైంది. ప్రేక్షకులు భారత్‌కు వ్యతిరేకంగా ఉన్నారు. మొదటి ఇరవై నిమిషాలలోనే పి.కె.బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోలు చేశారు. భారత్ 2-1తో విజయం సాధించింది. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు స్వర్ణం దక్కలేదు.

మరణం, గుర్తింపు

జకార్తా విజయం తరువాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న రహీం మరణించాడు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం ఆయన మరణించిన 22 సంవత్సరాలకు, 1985లో మొదలైంది. గోలు చేయని ఆటగాడి శ్రమను కూడా లెక్కలోకి తీసుకున్న ఈ ఉపాధ్యాయుని పేరు చాలాకాలం హైదరాబాదు వెలుపల అంతగా వినిపించలేదు. ఆయన జీవితం ఆధారంగా అజయ్ దేవగన్ నటించిన మైదాన్ అనే హిందీ చిత్రం 2024లో విడుదలైంది.