ఆచార్య సూరి భగవంతము గారు

బెజవాడనుండి నూజివీడు పోవు త్రోవలో, శోభనాచలము ప్రక్కన, ఆగిరిపల్లి కలదు. సూరి భగవంతముగారు 1909 వ సంవత్సరము అక్టోబరు 14 వ తేదీని ఆ గ్రామముననే జన్మించిరి. గుడివాడలో బడిచదువు ముగించి, హైదరాబాదు నిజాము కళాశాలయందు పట్టము బడసి, 1928 లో కలకత్తా పోయి, చంద్రశేఖర వేంకటరామనుగారికి శిష్యులైరి. కాంతికణమునకు భ్రమణగుణము కలదని గురుశిష్యులు కలిసి 1931 లో నిదర్శనము చూపిరి. మరుసటి యేట భగవంతముగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున భౌతికశాస్త్రోపాధ్యాయులైరి. (ఈ పరిషత్తు 1926 లో మొదట వెలసినది మన బెజవాడలోనే, వాల్తేరు పిమ్మటి మాట.)

వేంకటరాయుడుగారితో కలిసి 1948 లో వారు ప్రకటించిన గ్రంథమే వారి కృషిలో మేలైనదని మా తలంపు. ముగ్గులో నాల్గవవంతు చూచినవారికి తక్కినది చూడకయే తెలియును గదా. స్ఫటికములును అట్టివే. వాని స్థితిస్థాపకతను తెల్పుటకు సామాన్యముగా 21 సంఖ్యలు కావలెను. ఘనసౌష్ఠవముగల స్ఫటికమునకు 3 చాలును. ఇట్లు లెక్కను తగ్గించు గణితమే ఆ గ్రంథవిషయము.

పిదప ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగను, బెంగుళూరు విజ్ఞానమందిరమునకు అధిపతిగను ఉండి, 1961 మొదలు 1969 వఱకు రక్షణమంత్రికి శాస్త్రసలహాదారుగా పనిచేసిరి. చైనాతో యుద్ధము వచ్చిన 1962 లోనే క్షిపణి పరిశోధనాలయము హైదరాబాదునకు తరలివచ్చెను.

యుద్ధవిమానము శత్రువుల రాడారునకు చిక్కకుండుటకు కొండలచాటున నేలనంటి పోవలెను. రాడారుతరంగము సూటిగా పోవునదగుటచే కొండ ఆవలివైపు దానికి గోచరింపదు. కాని నేలకు దగ్గఱైనకొలది విమానికునకు మృత్యువును దగ్గఱ యగును. అందుచే నేడు కంప్యూటరులో నేలను గళ్లుగా విభజించి, గడిగడికిని ఎత్తు వ్రాసి, విమానమెంత వేగముగా పోవునో, ఎంత నిటారుగా ఎక్కగలదో, ఎంత చుట్టుతిరిగి మళ్లగలదో అన్నియు చేర్చి త్రోవను లెక్కకట్టుదురు. మన డెల్టా మాగాణిమీద ఇది సులువే. కొండపల్లి కొండలవంటిచోట మాత్రము ఏ గడి పోలిక దానిది. ముగ్గులోవలె ఊహించి విడుచుటకు వీలులేదు; విడిచిన గడిలోనే శిఖరముండవచ్చును.

భగవంతముగారు స్వయముగా ఈ లెక్కలు వేసినవారు కారు. ఇట్టి పనులకు పరిశోధనశాలలు పాదుకొనుచున్న కాలమున వాని పెత్తనము వహించిరి. స్ఫటికములను విడిచి దస్త్రములతో ఎనిమిదేండ్లు గడపుట శాస్త్రమునకు నష్టమే యని మాకు తోచును; దేశమున కప్పుడు అట్టివారి యవసరము మెండుగా నుండెను. వారు 1989 ఫిబ్రవరి 6 వ తేదీని దివంగతులైరి.